తుర్రుంఖాన్ నడిచిన తొవ్వ

(1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద జరిగిన దాడిని యాది చేసుకుంటూ, ఆ తేదీ తర్వాతి ఆదివారం పొద్దున గౌలిపుర నుంచి కోఠి దాకా ఒక బృందం నడిచింది. అదే రోజు సాయంత్రం గౌలిపురలో జరిగిన సభలో, నడకలో పాల్గొన్న ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం ఇది.)



నేను చరిత్రకారుణ్ని కాదు. డిగ్రీ చదివిన, పేపర్లో పని చేస్తున్న, ఉద్యమంలో తిరిగిన. చరిత్ర చెప్పాల్సింది మనల్ని పొద్దున నడిపించిన సారు. ఆయన నలభై ఏండ్లు పిల్లలకు చరిత్ర చెప్పిండు. "నేను పొద్దంతా మాట్లాడిన, నా గొంతు పోయింది, నువ్వు చెప్పు" అని మైకు నా చేతిలో పెట్టిండు. అందుకే విన్నది, చూసింది, నడుస్తుంటే మనసును తొలిచింది చెప్త. తప్పుంటే సారు ఈన్నే ఉన్నడు, దిద్దుతడు.

ముందుగాల మా నాయనమ్మ ముచ్చట చెప్పాలె.

చిన్నప్పుడు నేను మాట వినకపోతే ఆమె ఒకటే మాట అనేది. "ఏందిరా, పెద్ద తుర్రుంఖాన్ లెక్క చేస్తున్నవ్?" బడి ఎగ్గొడితే తుర్రుంఖాన్. గల్లీలో కొట్లాట పెట్టుకుంటే తుర్రుంఖాన్. పెరిగినంక నేను కూడా ఎంతమందిని అన్ననో లెక్కలేదు. ఆఫీసులో ఎవడన్నా ఎక్కువ తక్కువ మాట్లాడితే "పోరా, నువ్వేమన్న తుర్రుంఖాన్‌వా" అంటం. పొద్దున నడకలో నల్లగొండ నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే తమ్ముడొకడు "అన్నా, మా ఊర్ల కూడా ఇదే మాట అంటరు" అన్నడు. ఇంకో చెల్లె మాది జగిత్యాల, మా అమ్మ కూడా అంటదన్నది. తెలంగాణ అంతట ఉన్న మాట ఇది.

ఈ తుర్రుంఖాన్ అనేటోడు నిజంగ ఉన్న మనిషి అని, ఆయన పేరు తుర్రేబాజ్ ఖాన్ అని, మనం పుట్టి పెరిగిన ఈ గౌలిపురకు అయిదు కిలోమీటర్ల దూరంలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద తెల్లవార్లు కొట్లాడిండని నాకు ముప్ఫై ఏండ్లు దాటినంక గాని తెల్వలేదు. మనిషి పోయిండు. ఆయన పేరు మన నోట్లో తిట్టయి మిగిలింది. ఇయ్యాల నా మాటలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టే తిరుగుతయి.

దర్వాజ ఏది?

పొద్దున ఆరు గంటలకు ఇక్కడ జమైనం. విద్యార్థులు, ఉద్యోగులు, ఇద్దరు రిటైరైన టీచర్లు, మొత్తం ముప్ఫై మందికి పైనే. ఆషాఢం కదా, బోనాల కోసం గల్లీల్లో పందిళ్లు, రంగుకాగితాల తోరణాలు కడుతున్నరు. సారు అడుగు కదపకముందే ఒక ప్రశ్న వేసిండు. "గౌలిపుర దర్వాజ ఏది?"

ఎవరూ చెప్పలేదు. ఈడ పుట్టినోళ్లం పది మందిమి ఉన్నం, ఒక్కరికీ తెల్వదు.

అప్పుడు ఆయన చెప్పిండు. ఈ శహర్ చుట్టూ ఒకప్పుడు రాతి గోడ ఉండేది. మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే మొదటి నిజాం ఆసఫ్ జా పూర్తి చేసిండు. పెద్ద దర్వాజలు పదమూడు, మనుషులు మాత్రం దూరేటి కిటికీలు పదమూడు. రాత్రయితే దర్వాజలు మూసేటోళ్లు. అందులో మనది ఒకటి. గౌలీలంటే పశువులు కాసి పాలమ్మేటోళ్లు. గోడ పోయింది, దర్వాజ పోయింది. ఇయ్యాల శహర్ మొత్తంలో దబీర్‌పుర దర్వాజ, పురానాపూల్ దర్వాజ మాత్రమే నిలబడి ఉన్నయి.

"మన తల్లి పేరు కోట మైసమ్మ కదా, కోట ఏదని ఎన్నడన్నా అడిగిన్రా?" అన్నడు సారు. ఏటా బోనం ఎత్తుతం, తల్లి పేరు తలుస్తం. కోట ఎటు పోయిందని అడగలేదు. చరిత్ర మన నోట్లోనే ఉన్నది. మనం నములుతున్నం గాని రుచి చూస్తలేం.

శుక్రవారం, మక్కా మసీదు

లాల్ దర్వాజ దాటి, శాలిబండ గడియారం కింద నుంచి మక్కా మసీదు కాడికి వచ్చినం. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలె. గౌలిపుర నుంచి మక్కా మసీదు మహా అయితే రెండు కిలోమీటర్లు. ఇరవై ఏండ్లు ఆ రెండు కిలోమీటర్ల దూరంలో ఉండి నేను ఒక్కసారి కూడా ఆ మసీదు ఆవరణలో అడుగు పెట్టలేదు. ఎవరూ వద్దనలేదు. అటు పోవడం మా ఇంట్లో అలవాటు లేదు, అంతే. శుక్రవారమైతే "చార్మినార్ దిక్కు పోకు" అనేది మా అమ్మ. కర్ఫ్యూలు చూసిన తల్లి ఆమె. 1990 డిసెంబర్ సంగతులు చెప్తే ఇప్పటికీ ఆమె గొంతు వణుకుతది. 2007 మే 18, అది కూడా శుక్రవారమే, మసీదులో బాంబు పేలినప్పుడు నేను ఇంటర్ పిల్లగాణ్ని. పేలుడులో మనుషులు పోయిన్రు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు పోయిన్రు. మా గల్లీలో షట్టర్లు పడ్డ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నది. అటు గల్లీల్లో కూడా అదే చప్పుడు, అదే భయం ఉండి ఉంటదన్న సోయి ఆనాడు నాకు లేదు.

ఇయ్యాల చెప్పులు చేత పట్టుకొని ఆ ఆవరణలోకి పోయినం. ఎవరూ ఎందుకొచ్చిన్రని అడగలేదు. పావురాలకు గింజలు వేస్తున్న ఒక పెద్దమనిషి "ఎక్కడి నుంచి?" అన్నడు. గౌలిపుర అన్నం. "పక్కనే కదా" అని నవ్విండు. అవును, పక్కనే.

సారు అక్కడ కూసోబెట్టి 1857 కథ మొదలుపెట్టిండు. తిరుగుబాటు అంటే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ అని చదువుకున్నం. హైదరాబాద్ ఎందుకు కదిలింది?

అప్పట్లో హైదరాబాద్ కంటింజెంటు అని ఒక ఫౌజు ఉండేది. పేరు మనది, పైసలు మన ఖజానావి, అధికారులు మాత్రం ఇంగ్లీషోళ్లు. ఫౌజు ఖర్చు కట్టలేక నిజాం కంపెనీకి బాకీ పడ్డడు. ఆ బాకీ కింద 1853లో బేరార్‌ను, అంటే పత్తి పండే బంగారం లాంటి నేలను, దాంతోపాటు రాయచూర్ దోఆబ్, ధారాశివ్ ప్రాంతాలను కంపెనీ చేతికి తీసుకున్నది. మనల్ని అదుపులో పెట్టే ఫౌజుకు మనమే జీతమిచ్చుడు, ఇయ్యలేకపోతే భూమి ఇచ్చుడు. ఈ లెక్క అర్థం కావడానికి మన ఉద్యోగులకు పెద్ద వివరణ అక్కరలేదు అనుకుంట.

1857 మే నెలలో నిజాం నాసిరుద్దౌలా చనిపోయిండు, కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కిండు. దివాను సాలార్‌జంగ్‌కు అప్పుడు ఇరవై ఎనిమిదేండ్లు. రెసిడెంటు కర్నల్ డేవిడ్‌సన్ కొత్తగా వచ్చినోడు. జూన్‌లో ఔరంగాబాద్ కాడ కంటింజెంటు గుర్రపు దళం ఎదురుతిరిగింది. ఢిల్లీ మీదికి, తోటి సిపాయిల మీదికి మేము రామన్నరు వాళ్లు. అట్ల తప్పించుకొని వచ్చిన జమాదారు చీదా ఖాన్, కొందరు జవాన్లు హైదరాబాద్ చేరిన్రు. నిజాం సర్కారు మనది, కడుపులో పెట్టుకుంటదని వాళ్ల ఆశ. సాలార్‌జంగ్ వాళ్లను పట్టించి రెసిడెన్సీకి అప్పజెప్పిండు.

శహర్ ఉడికిపోయింది. జూలై 17 శుక్రవారం నమాజు తర్వాత ఈ మసీదులో జమైన జనం చీదా ఖాన్‌ను విడిపించాలె అన్నరు. మౌల్వీ అలావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ ముందు నిలబడ్డరు. తుర్రేబాజ్ ఖాన్ బేగంబజార్ మనిషి. ఆయన వెంట సుమారు 500 మంది రోహిల్లాలు. వాళ్లు రెసిడెన్సీ దిక్కు కదిలిన్రు.

ఒక అన్న అడిగిన ప్రశ్న

పత్తర్‌గట్టి కాడ ఇరానీ చాయ్ తాగుతుంటే మనతోపాటు నడుస్తున్న ఒక అన్న, ప్రభుత్వ ఉద్యోగి, కొంచెం కోపంగానే అడిగిండు. "సార్, రోహిల్లాల కోసం మనమెందుకు నడవాలె? మా తాత చెప్పేటోడు. ఊర్లల్ల రోహిల్లా దగ్గర అప్పు తెస్తే ఇంటి ముందర కట్టె పట్టుకొని కూసునేటోడంట. పైస ఇచ్చేదాకా లేవకపోయేదంట. వాళ్లు మనకు వీరులెట్లయితరు?"

అందరం చాయ్ గిలాసలు పట్టుకొని నిలబడ్డం. కొంతమందికి ఆ ప్రశ్న నచ్చలేదు. నడక చెడగొడుతున్నడని గొణిగిన్రు. సారు మాత్రం ఆ అన్న భుజం మీద చెయ్యి వేసి "మంచి ప్రశ్న" అన్నడు.

"మీ తాత చెప్పింది నిజమే. రోహిల్లాలు, అరబ్బులు ఈ రాజ్యంలో కిరాయి సిపాయిలుగా ఉన్నరు, వడ్డీలకు ఇచ్చిన్రు, జాగీర్దార్ల తరఫున వసూళ్లు చేసిన్రు. ఊరోళ్లు భయపడ్డరు. దాన్ని దాచొద్దు. ఆ రాత్రి రెసిడెన్సీ గోడ కింద చచ్చిపోయింది కూడా ఆ రోహిల్లాలే. నిర్మల్ దిక్కు రాంజీ గోండుతో కలిసి కొట్లాడినోళ్లలో కూడా రోహిల్లాలు ఉన్నరు. రెండూ నిజమే. ఒక నిజం చెప్పెతందుకు ఇంకో నిజాన్ని చంపొద్దు. మనిషి చేసిన పనిని యాది చేసుకుంటం, మనిషిని దేవుణ్ని చేస్తలేం."

ఆ అన్న ఏం మాట్లాడలేదు. చివరిదాకా నడిచిండు మాత్రం. ఇప్పుడు మూడో వరుసలో కూసున్నడు. అన్నా, నీ ప్రశ్న లేకపోతే ఈ నడక జాతర అయిపోవు. నీకు ధన్యవాదాలు.

నాక్కూడా ఒక బుద్ధి వచ్చింది. ఉద్యమంలో మనం చాలా మాటలు ఉబ్బించి చెప్పినం. సభలో చప్పట్ల కోసం నేను కూడా చెప్పిన. తుర్రేబాజ్ ఖాన్ గురించి కూడా వేలమంది సైన్యమని, నెలల తరబడి యుద్ధమని చెప్పొచ్చు. అట్ల చెప్తే రేపు ఎవడో ఒకడు కాగితం తీసి చూపిస్తే మొత్తం అబద్ధమైతది. జరిగింది ఒక్క రాత్రి. ఓడిపోయిన్రు. ఉన్నదున్నట్టు చెప్పినా అది చిన్నదేం కాదు.

లేని వంతెన మీద నుంచి

మదీనా దాటి నయాపూల్ ఎక్కినం. సారు ఆగి అన్నడు, "1857లో ఈ వంతెన లేదు. మన వెనక ఉండిన అఫ్జల్ దర్వాజ కూడా తర్వాత కట్టిందే. అప్పటికి ఉన్నవి అటు 1578 నాటి పురానాపూల్, ఇటు 1831లో కట్టిన చాదర్‌ఘాట్ వంతెన. కాబట్టి మనం తుర్రేబాజ్ ఖాన్ అడుగులో అడుగు వేస్తున్నమని గొప్పలు చెప్పుకోవద్దు. ఆయన ఎక్కడ బయలుదేరిండో, ఎక్కడికి చేరిండో ఆ రెండు చోట్ల నడుమ నడుస్తున్నం."

కింద మూసీ. ఆ నీళ్ల సంగతి మీకు తెలుసు, ముక్కు మూసుకొని నడిచినం. దవాఖాన దిక్కు చూపించి సారు చింతచెట్టు కథ చెప్పిండు. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదలో ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికిన్రు. చెట్టు ఇంకా ఉన్నది. మనోళ్లు గోడలు పడగొట్టినరు గాని ఆ చెట్టును కొట్టలేదు, అది సంతోషం.

అఫ్జల్‌గంజ్, గౌలిగూడ. చూడండి, గోడ లోపల గౌలిపుర, ఏరు దాటితే గౌలిగూడ. పాలోళ్ల పేర్లు రెండు ఒడ్లకూ ఉన్నయి. గౌలిగూడలో ఒకప్పుడు రేకుల గుమ్మటం లాంటి పెద్ద బస్‌స్టేషన్ ఉండేది, మనందరం అందులో బస్సులెక్కినోళ్లమే. 2018 జూలైలో అది కూలిపోయింది. ఇప్పుడు పుట్టిన పిల్లలకు అది కూడా చరిత్రే. ఇంత జల్దీగ మర్చిపోతం మనం.

పుత్లీబౌలి రాత్రి

అసలు యుద్ధం జరిగింది పుత్లీబౌలి కాడ. రెసిడెన్సీ పడమటి గోడకు ఎదురుగ రెండు పెద్ద ఇండ్లు ఉండేవి. ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఇంకోటి జైగోపాల్ దాస్‌ది. ఆ రెండు మిద్దెలను తుర్రేబాజ్ ఖాన్ మనుషులు స్థావరం చేసుకున్నరు. పొద్దుగూకే యాల్లకు, ఆరూ ముప్పావు ప్రాంతంలో, దాడి మొదలైంది. పుత్లీబౌలి దిక్కు తోట దర్వాజ పగలగొట్టిన్రు, గోడకు గండి పెట్టిన్రు.

కానీ లోపల అన్నీ సిద్ధంగ ఉన్నయి. సాలార్‌జంగ్ ముందే కబురు పంపిండు. మద్రాసు ఫౌజు ఫిరంగులు గండి దిక్కు మూతి పెట్టుకొని ఉన్నయి. తల్వార్లు, తుపాకులు ఫిరంగుల ముందర ఎంతసేపు నిలబడతయి? అయినా తెల్లవారుజాము నాలుగింటి దాకా ఆ మిద్దెల మీద నుంచి కాల్పులు ఆగలేదు. పొద్దు పొడిచేసరికి చచ్చినోళ్లు చచ్చిన్రు, మిగిలినోళ్లు చీకట్లో తప్పుకున్నరు.

ఇయ్యాల అక్కడ షాపులు, ఆటోలు, తోపుడు బండ్లు. ఆ ఇండ్ల ఆనవాలు చూపించే ఒక్క బోర్డు లేదు. మేము రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకుంటుంటే ఒక దుకాణం అన్న "ఏమైంది, రోడ్డు వెడల్పు చేస్తున్నరా?" అని భయంగ అడిగిండు. ముప్ఫై మంది నిలబడి గోడల దిక్కు చూపిస్తే మన శహర్‌లో మొదట వచ్చే అనుమానం అది. కాదన్నా, తుర్రుంఖాన్ ఇక్కడే కొట్లాడిండు అన్నం. "ఆయన నిజంగ ఉన్నడా?" అన్నడు. ఆయనకు సారు మళ్లీ మొదటి నుంచి చెప్పిండు. అన్న దుకాణంలో నుంచి బయటికొచ్చి తన షట్టర్ దిక్కు కొత్తగ చూసుకున్నడు.

పట్టిచ్చింది ఎవరు?

కోఠి బస్టాప్ కాడ స్మారకం ముందర మన నడక ఆగింది. పక్క రోడ్డుకు తుర్రేబాజ్ ఖాన్ పేరు ఉన్నది. ఎన్ని వేలసార్లు అక్కడ బస్సు కోసం నిలబడ్డనో. ఆ రాయి దిక్కు మొఖం తిప్పి చూసింది లేదు. నేను పేపర్లో పనిచేస్తున్న మనిషిని, దినాం అక్షరాలు చదివేటోణ్ని, ఆ అక్షరాలు చదవలేదు.

అక్కడ సారు మిగిలిన కథ చెప్పిండు. కథలో నాకు మింగుడు పడనిది ఇదే.

దాడి జరిగిన అయిదో రోజు, జూలై 22న, తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డడు. మౌల్వీ ఎక్కడున్నడో చెప్పమన్నా చెప్పలేదంటరు. జన్మాంతం అండమాన్‌లో ఉండాలని శిక్ష వేసిన్రు. పంపకముందే, 1859 జనవరి 18న, కాపలా దాటి తప్పించుకున్నడు. తల మీద 5000 రూపాయల ఇనాము పెట్టిన్రు. ఆనాటి 5000 అంటే ఎంతో మీరే ఊహించుకోండి. ఆరు రోజులు గడిచినయి. జనవరి 24న తూప్రాన్ దగ్గర ఆయనను చంపిన్రు. చంపింది ఇంగ్లీషోడు కాదు. తూప్రాన్ తాలూక్‌దార్ కుర్బాన్ అలీ బేగ్. మనోడే. పీనుగను శహర్‌కు తెచ్చి రెసిడెన్సీ దగ్గర జనం చూసేటట్టు వేలాడదీసిన్రు. మౌల్వీ అలావుద్దీన్‌ను తర్వాత పట్టుకొని అదే ఏడాది జూన్‌లో అండమాన్‌కు పంపిన్రు. ఆయన మళ్లీ రాలేదు, అక్కడే పోయిండు.

పై లెక్క కూడా వినండి. 1860లో కంపెనీ పోయి వచ్చిన రాణి సర్కారు నిజాంకు రాయచూర్ దోఆబ్, ధారాశివ్ తిరిగి ఇచ్చింది. 50 లక్షల బాకీ మాఫీ చేసింది. తమ మీద తిరగబడిన సురపురం రాజా వెంకటప్ప నాయకుని రాజ్యాన్ని కూడా నిజాం చేతిలో పెట్టింది. అంటే ఒక తిరుగుబాటుదారుణ్ని అణిచినందుకు ఇంకో తిరుగుబాటుదారుని నేల ఇనాము. బేరార్ మాత్రం తిరిగి రాలేదు.

సాలార్‌జంగ్‌ను తిట్టి చేతులు కడుక్కోవచ్చు. అది అల్కటి పని. ఆయన ఈ రాజ్యానికి పాలనా పద్ధతి నేర్పిన మనిషి, ఖజానాను దారిలో పెట్టిన మనిషి. ఢిల్లీ కూలితే హైదరాబాద్ కూడా కూలుతదని ఆయన భయపడి ఉండొచ్చు. నాకు తొలిచేది వేరే. తూప్రాన్‌లో ఆ ఆరు రోజులు. ఆరు రోజులు ఆ మనిషికి ఎవరో ఒకరు నీళ్లిచ్చి ఉంటరు, ఎవరో బువ్వ పెట్టి ఉంటరు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఇనాము తీసుకున్నోని పేరు కాగితంలో ఉన్నది. బువ్వ పెట్టినోని పేరు ఉండదు. ఉద్యమంలో తిరిగినోళ్లకు ఇది బాగ తెలుసు. రాత్రి పోలీసులు తరుముతుంటే తలుపు తీసి లోపల దాచిపెట్టిన తల్లుల పేర్లు మనం ఎన్ని రాసి పెట్టినం? నన్ను అట్ల దాచిన ఒక అవ్వ పేరు నాకు ఇప్పటికీ తెల్వదు. పొద్దున చాయ్ పోసి పంపింది. పేరు అడగాలన్న సోయి లేకపోయె.

ఇప్పుడు ఎవరిని అడగాలె?

2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్ మీద నేను కూడా ఉన్న. మా వీరుల విగ్రహాలు ఏవని గొంతు చించుకొని అడిగిన. మా చరిత్ర పుస్తకాల్లో ఎందుకు లేదని అడిగిన. అడగాల్సిన ప్రశ్నే అది, అడిగినందుకు నాకు సిగ్గు లేదు. అదే ఏడాది సకల జనుల సమ్మెలో 42 రోజులు మీలో చాలామంది ఉద్యోగులు జీతం లేకుండ నిలబడ్డరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

వచ్చి ఇన్నేండ్లయింది. ఇప్పుడు ఆ ప్రశ్న ఎవరిని అడగాలె? అప్పుడు వేలు చూపించెతందుకు అవతల ఎవరో ఉండిరి. ఇప్పుడు వేలు చూపిస్తే అది మన దిక్కే తిరుగుతది. గౌలిపుర దర్వాజ యాడ ఉండెనో గౌలిపుర వాళ్లం మనమే తెలుసుకోకపోతిమి. పక్కనే ఉన్న మసీదులో మన శహర్ చరిత్ర మలుపు తిరిగితే, అది వాళ్ల చరిత్ర అని మనం, మన తిరుగుబాటు వాళ్లకెందుకని వాళ్లు, ఎవరి గల్లీలో వాళ్లం కూసుంటిమి. తుర్రేబాజ్ ఖాన్ నడిచినప్పుడు ఆ తొవ్వకు మతం లేదు. ఆయన తుపాకీ పెట్టుకున్న మిద్దెల్లో ఒకటి అబ్బన్ సాహెబ్‌దైతే ఇంకోటి జైగోపాల్ దాస్‌ది. తొవ్వను రెండు చేసింది మనమే.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలె. తుర్రేబాజ్ ఖాన్ దూరలేకపోయిన ఆ రెసిడెన్సీ ఇప్పుడేమైంది? కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు కట్టించిన ఆ స్తంభాల భవనం ఆవరణలో 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ నడుస్తున్నది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిన్రు. ఫిరంగులు పెట్టిన తోటలో మన పల్లెల నుంచి వచ్చిన చెల్లెళ్లు పుస్తకాలు పట్టుకొని నడుస్తున్నరు. నడకలో ఉన్న చెల్లెళ్లలో ఒకామె అక్కడే చదువుతదంట. "మా కాలేజీ గోడను పగలగొట్టింది తుర్రుంఖానా? మా దోస్తులకు రేపే చెప్త" అన్నది. గోడ పగలగొట్టిన మనిషి కథ ఆ గోడ లోపలి నుంచే వినబడాలె. దానికి జీవో అక్కరలేదు.

ఆఖరుగ మూడు పనులు చెప్పి కూసుంట.

ఒకటి. ఈ నడక ఏటా జూలైలో జరగాలె. వచ్చేసారి లాల్ దర్వాజ, శాలిబండ, ఖిల్వత్ దిక్కున్న మన ముస్లిం దోస్తులను కూడా పిలుద్దాం. ఎవరి ఇంటి పక్కోణ్ని వాళ్లు తోలుకొని రావాలె. సగం తొవ్వ వాళ్లు చెప్పాలె, సగం మనం చెప్పాలె.

రెండు. పుత్లీబౌలిలో ఒక బోర్డు కావాలె. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు భాషల్లో నాలుగు వాక్యాలు చాలు. పొద్దున మాట్లాడిన దుకాణం అన్న తన గోడ మీద పెట్టుకోనిస్తనన్నడు. నాలుగు వాక్యాలు సారు రాస్తడు. పెయింటు ఖర్చు మనం జమచేద్దాం. ఉబ్బించిన అంకెలు మాత్రం వద్దు.

మూడు. జనవరి 24న తూప్రాన్ పోదాం. శహర్ నుంచి బస్సులో గంటన్నర. అక్కడి ముసలోళ్ల దగ్గర కూసొని అడుగుదాం, ఆ ఆరు రోజుల ముచ్చట ఎవరి నోట్లోనన్నా మిగిలిందా అని. ఉంటే రాసుకుందాం. లేకపోతే తూప్రాన్ బడి పిల్లలకు మనమే చెప్పి వద్దాం.

మా నాయనమ్మ పోయి ఏడేండ్లయింది. ఈ కథ ఆమెకు చెప్పలేకపోయిన. కానీ మొన్న నా బిడ్డ హోంవర్కు చెయ్యనని మొండికేస్తే నా నోట్లో నుంచి అదే మాట వచ్చింది, "ఏందే, పెద్ద తుర్రుంఖాన్ లెక్క చేస్తున్నవ్?" అని. అది ఊకుంటదా? "తుర్రుంఖాన్ అంటే ఎవరు నాయనా?" అన్నది. నేను చిన్నప్పుడు ఆ ప్రశ్న అడగలేదు. హోంవర్కు పక్కన పెట్టించి చెప్పిన. జనవరిలో తూప్రాన్‌కు అది కూడా వస్తనంటున్నది. పేర్లు రాసేటోళ్లలో మొదటి పేరు దానిదే రాసుకోండి.

సెలవు.